బేజుబాన్ గానాలు



మా మామూకి డెబ్భై దాటాయి. ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవి సగమే పనిచేస్తుంది. పోయిన నెల బ్రహ్మంగారిమఠం వెళ్లినప్పుడు, చాయ్ తాగుతూ ఉన్నట్టుండి అడిగాడు: "ఓ క్యాసెట్ హై క్యా రే తేరే కనె?"

ఏ క్యాసెట్ అని నేను అడగలేదు. మా ఖాందాన్‌లో "ఓ క్యాసెట్" అంటే ఒక్కటే. తొంభై నిమిషాల టేపు. పైన నీలం సిరాతో, ఉర్దూలో, మామూ చేతిరాత: బేజుబాన్ గానే. నోరులేని పాటలు. 1970ల్లో ఇంగ్లండ్, అమెరికా రాక్ బ్యాండ్లు వాయించిన సంగీతం. గిటార్లు, డ్రమ్ములు, కీబోర్డులు తప్ప పాడే గొంతు ఉండదు. మన ఇళ్లలో నాత్‌ల గురించి, ఖవ్వాలీల గురించి, రఫీ సాబ్ గురించి మాట్లాడుకుంటాం. ఈ సంగీతం గురించి ఎవరూ మాట్లాడరు. అందుకే నేను రాస్తున్నా.

మామూ 1979లో కువైట్ పోయాడు. మన కడప జిల్లాలో కువైట్ కథ లేని ముస్లిం ఇల్లు తక్కువే కదా. ఒక అరబ్బు ఇంట్లో డ్రైవరు పని. పిల్లల్ని బడి దగ్గర, బేగంని బజారు దగ్గర దింపి గంటలకొద్దీ బండిలో ఇంతెజార్. ఇంగ్లండ్‌లో చదివొచ్చిన ఆ ఇంటి పెద్ద కొడుకు టేపులు బండిలోనే ఉండేవి. మామూ వాటిని వినేవాడు. పాటలున్న టేపులు పక్కన పెట్టి, పాట లేనివే ఏరుకున్నాడు. ఎందుకని అడిగితే ఒకసారి చెప్పాడు: "పగలంతా అరబీ అర్థం చేసుకోవాలి, మధ్యలో ఇంగ్లీషు అర్థం చేసుకోవాలి. ఇస్ మే సమఝ్నే కా కుచ్ నై." అర్థం చేసుకోవాల్సిన పని లేని చోట ఆయనకు సుకూన్ దొరికింది. ఆ అబ్బాయే అడిగిమరీ అవన్నీ ఒకే క్యాసెట్‌లోకి ఎక్కించి ఇచ్చాడట.

1990 ఆగస్టు 2న సద్దాం ఫౌజు కువైట్‌లోకి దిగింది. మామూ బస్సులో బాగ్దాద్ మీదుగా జోర్డాన్ చేరి, అక్కడ గుడారంలో పడుకుని, అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానంలో బొంబాయి వచ్చాడు. ఆ రెండు మూడు నెలల్లో అలా లక్షా డెబ్భై వేల మందికి పైగా మనవాళ్లను తీసుకొచ్చారు. బొంబాయి నుంచి మద్రాసు రైలెక్కి ఎర్రగుంట్లలో దిగిన మామూ చేతిలో ఒక గుడ్డ సంచి. అందులో రెండు జతల బట్టలు, పాస్‌పోర్టు, ఆ క్యాసెట్. పెట్టెలూ, రావాల్సిన జీతమూ అక్కడే ఉండిపోయాయి. నాకప్పుడు పదేళ్లు. మామూ చాక్లెట్లు తేలేదని ఏడ్చాను. ఇప్పటికీ షర్మిందగీగా ఉంటుంది.

మాది ప్రొద్దుటూరు. సెలవులకు నానీ ఇంటికి, అంటే బ్రహ్మంగారిమఠానికి, మైదుకూరు మీదుగా బస్సు. ఆ ఊళ్లో చెవులు మూసుకుని పెరగడం కుదరదు. వైశాఖంలో ఆరాధన వస్తే రాత్రంతా ఏక్‌తార పట్టుకున్న సాధువుల తత్వాలు. బ్రహ్మంగారి ముఖ్య శిష్యుడు సిద్ధయ్య పుట్టింది దూదేకుల ఇంట్లోనని అక్కడ చిన్నపిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. మా నానీ వాళ్ల వీధి చివర కూడా ఒక దూదేకుల తాత ఉండేవాడు. చలికాలం ముందు పరుపుల దూది ఏకేవాడు. పైనుంచి వేలాడే పెద్ద విల్లు, దానికి బిగించిన నరం, కొట్టడానికి చెక్క గుండు. కొట్టినప్పుడల్లా ఆ నరం "టుంయ్ఁ" అని మోగి, ఆ మోత గాల్లో వణుకుతూ వీధి దాకా వచ్చేది. ఎలక్ట్రిక్ గిటార్ మొదటిసారి విన్నప్పుడు నాకు కొత్తగా అనిపించలేదు. దూదేకుల తాత విల్లే అనుకున్నా.

క్యాసెట్‌లోని వాటి పేర్లు మామూకీ తెలియవు, నాకూ తెలియవు. మేమే పేర్లు పెట్టుకున్నాం. చాలా ఏళ్ల తర్వాత, పత్రికలో ఉద్యోగం వచ్చి ఆఫీసులో ఇంటర్నెట్ దొరికాక, రాత్రి డ్యూటీలో పేజీలు పంపేసి ఒక్కొక్కదాని అసలు పేరు వెతికి పట్టుకున్నా.

మొదటిది జిన్నుల పాట. ముందు గాలి వీస్తుంది, నిజమైన గాలి చప్పుడు. తర్వాత రెండు బేస్ గిటార్లు గుర్రాల్లా దౌడు తీస్తాయి. మధ్యలో అంతా ఆగి, ఎవరో రాక్షసుడి గొంతుతో ఒక్క వాక్యం గుర్రుమంటాడు. అది విన్న అమ్మీ ఆయతుల్ కుర్సీ చదివి మా ముగ్గురి మీదా ఊదింది. పేరు "వన్ ఆఫ్ దీజ్ డేస్", పింక్ ఫ్లాయిడ్ 1971 ఆల్బమ్ "మెడిల్"లో మొదటిది. ఆ గొంతు వాళ్ల డ్రమ్మర్ నిక్ మేసన్‌ది. కావాలనే అలా మార్చారు. అమ్మీకి ఈ సంగతి చెబితే, "తో భీ అచ్ఛా కరీ మైఁ" అంది.

రెండోది అతుకుల పాట. ఆ పేరు ఎందుకంటే టేపు అక్కడే తెగింది. మామూ బ్లేడుతో కోసి, సన్నటి టేపు ముక్క అంటించి అతికాడు. అప్పట్నుంచి ఆ చోట ఒక చిన్న ఎగురుడు. ఎడ్గార్ వింటర్ గ్రూప్ వాళ్ల "ఫ్రాంకెన్‌స్టైన్" అది. 1973లో అమెరికా పాటల పట్టికలో మొదటి స్థానానికి వచ్చింది, ఒక్క లఫ్జ్ లేకుండా. ఎడ్గార్ వింటర్ కీబోర్డుకి పట్టీ కట్టి గిటార్‌లా మెడలో వేసుకుని వాయించేవాడు. అసలు లతీఫా ఇది: స్టూడియోలో చాలా పొడవుగా వాయించిన దాన్ని ముక్కలు ముక్కలుగా కోసి అతికితే ఈ పాట అయ్యింది. శవాల ముక్కలు కుట్టి మనిషిని చేసిన కథ పేరు అందుకే పెట్టారు. మామూకి చెబితే ఎంత నవ్వాడో. "మై భీ ఓయిచ్ కరా నా!"

మూడోది ఈద్ పాట. వింటే కొత్త బట్టలు వేసుకుని ఈద్‌గాకి పోతున్నట్టుండేది. ఆల్‌మన్ బ్రదర్స్ బ్యాండ్, 1973, పేరు "జెస్సికా". గిటారిస్టు డికీ బెట్స్ తన చిన్నారి కూతురి పేరే పెట్టాడు. జాంగో రైన్‌హార్ట్ అని యూరప్‌లో ఒక గిటార్ ఉస్తాద్ ఉండేవాడు. అగ్నిప్రమాదంలో ఎడమ చేతి రెండు వేళ్లు పనికిరాకుండా పోతే, మిగిలిన వేళ్లతోనే దునియా అంతా తల తిప్పి చూసేలా వాయించాడు. ఆయన యాద్‌లో, రెండు వేళ్లతో వాయించగలిగేలా బెట్స్ ఈ బాణీ కట్టాడు. ఈ సంగతి తెలిశాక ఆ ఖుషీ వెనక ఉన్న సబ్ర్ కూడా వినిపించడం మొదలైంది.

నాలుగోది రోనే వాలా గిటార్. సంతానా 1976లో "అమీగోస్" ఆల్బమ్‌లో వాయించిన "యూరోపా". ఒక్క స్వరాన్ని పట్టుకుని, ఊపిరి అయిపోతుందేమో అనిపించేంతసేపు వదలడు. కార్లోస్ సంతానా మెక్సికోలో పుట్టాడు, తండ్రి పెళ్లిళ్లలో పండగల్లో వాయించే మరియాచీ వయొలిన్ కళాకారుడు. మన షహనాయీ వాళ్లలాగే అన్నమాట. షహనాయీ రుఖ్సతీ వేళ ఎలా ఏడుస్తుందో, ఈ గిటార్ అలా ఏడుస్తుంది.

అదే కాలంలో మన దగ్గరా ఇది లేకపోలేదు. 1975లో "షోలే" మొదట్లో పేర్లు పడుతుంటే గుర్రాల వెంట వచ్చే ఆర్.డి. బర్మన్ సంగీతం గుర్తు తెచ్చుకోండి. మనమంతా విన్నాం. దానికి రాక్ అని పేరు పెట్టుకోలేదు, అంతే.

ఇక అబ్బా సంగతి. అబ్బా ఉర్దూ టీచరు, నమాజ్ రోజాల పాబంద్. సాజ్ విషయంలో ఉలమాలో ఇఖ్తిలాఫ్ ఉంది. దఫ్ వరకే ఇజాజత్ అన్నవాళ్లున్నారు. చిష్తీ బుజుర్గులు సమా విన్నారు, ఇమామ్ గజాలీ సాబ్ "ఇహ్యా"లో సమా మీద ఒక బాబే రాశారు. నేను ఫత్వా ఇచ్చేవాణ్ణి కాను. అబ్బా మాత్రం మొదటి జమాత్. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మామూ క్యాసెట్‌ని ప్రొద్దుటూరు తెచ్చుకున్నా. ఒక రోజు జిన్నుల పాట నడుస్తుంటే మగ్రిబ్ అజాన్ అయ్యింది. నాకు వినపడలేదు. అబ్బా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. కొట్టలేదు, తిట్టలేదు. క్యాసెట్ తీసుకుని సందూక్‌లో పెట్టి తాళం వేశారు.

నాకు చాలా గుస్సా వచ్చింది. నా బాధ ఆయనకెలా చెప్పాలి? ఇంట్లో దఖ్నీ, బడిలో కితాబీ ఉర్దూ, బజార్లో తెలుగు. ఉర్దూ బాగా మాట్లాడితే బజారు నవ్వేది, తెలుగులో తడబడితే "మీకు తెలుగు రాదులే" అనేవాళ్లు. నోరు తెరిస్తే చాలు, నేనెవరో ఎదుటివాడు లెక్క కట్టేసేవాడు. లెక్క కట్టనిది ఆ క్యాసెట్ ఒక్కటే. పంతానికి తెలుగులో డిగ్రీ చేసి, ఆ తెలుగుతోనే రోటీ సంపాదించుకుంటున్నా గానీ, ఆ వయసులో నాకున్న ఒకే ఒక మాదరీ జుబాన్ ఆ బేజుబాన్ గానాలే.

పదో తరగతి పాసైన రోజు అబ్బా సందూక్ తెరిచారు. క్యాసెట్ పాత రుమాలులో చుట్టి ఉంది. "లే. నమాజ్ ఛోడ్ కే నక్కో సున్," అన్నారు. అంతే. విరగ్గొట్టవచ్చు, పారేయవచ్చు. ఏడాదికి పైగా రుమాలులో చుట్టి దాచారు. అల్లా ఆయన మగ్ఫిరత్ చేయుగాక.

ఇప్పుడు మామూ దగ్గరికి వస్తా. క్యాసెట్ బూజు పట్టింది, ఇక మోగదు. పాటలన్నీ ఫోన్‌లో ఉన్నాయని చెప్పి, పెద్ద హెడ్‌ఫోన్ కుడి చెవికి సరిగ్గా పెట్టి వినిపించా. ఈద్ పాటకి తల ఊపాడు. జిన్నుల పాటకి నవ్వాడు. అప్పుడు నాకొక ఖయాల్ వచ్చింది, ఆ క్యాసెట్‌లో లేనిది ఒకటి వినిపిద్దామని. ఫంకడెలిక్ బ్యాండ్, 1971, "మ్యాగట్ బ్రెయిన్". మొదట్లో నాలుగు మాటలు, తర్వాత పది నిమిషాలు ఎడీ హేజల్ అనే కుర్రాడి గిటార్ ఒక్కటే. బ్యాండ్ పెద్ద జార్జ్ క్లింటన్ అతనికి ఏం చెప్పాడో సంగీతం తెలిసినవాళ్లంతా చెప్పుకుంటారు: మీ అమ్మ చనిపోయిందని ఇప్పుడే కబురొచ్చినట్టు వాయించు.

ఈ కిస్సా నేను మామూకి ముందే చెప్పాను. చెప్పాకే గుర్తొచ్చింది. 1987లో నానీ ఇంతెకాల్ అయినప్పుడు మామూ కువైట్‌లో ఉన్నాడు. ఖత్ చేరేసరికి దఫన్ అయి వారం. సెలవు ఇవ్వలేదు. జనాజాకి భుజం పట్టలేదు, మట్టి వేయలేదు. బండిలో కూర్చుని టేపు పెట్టుకున్నానని అమ్మీతో ఒకసారి అన్నాడట. ఏం విన్నావని ఎవరూ అడగలేదు.

ఆపేద్దామనుకున్నా. "లగా," అన్నాడు. పెట్టా.

కళ్లు మూసుకున్నాడు. నాకు ఏమీ వినపడటం లేదు, ఆయన ముఖం మాత్రం కనపడుతోంది. నాలుగు నిమిషాలు అయ్యుంటుంది. హెడ్‌ఫోన్ తీసి నా చేతిలో పెట్టాడు.

"బస్ బేటా. బాకీ మేరేకు మాలూమ్."

మిగతాది నాకు తెలుసు అన్నాడు. లేచి వజూ చేసుకున్నాడు. అసర్ తర్వాత ఇద్దరం ఖబ్రస్తాన్ వెళ్లి నానీ దగ్గర ఫాతిహా చదివాం. దారిలో ఆ పాట గురించి ఆయన మాట్లాడలేదు, నేనూ అడగలేదు.

డాక్టరు కుడి చెవి కూడా ఎక్కువ రోజులు ఉండదన్నాడు. వచ్చే జుమా మళ్లీ వెళ్తున్నా. ఈసారి "జెస్సికా", "యూరోపా" మాత్రమే. మీ ఇంట్లో కూడా గల్ఫ్ నుంచి వచ్చిన ఏదో ఒక క్యాసెట్ ఉండే ఉంటుంది. దాన్ని తెచ్చినవాళ్లు ఇంకా వినగలిగితే, కూర్చుని వాళ్లతో ఒకసారి వినండి.

మా మామూ కోసం దువా చేయండి. ఖుదా హాఫిజ్.