హీరో సెలవు పెట్టిన రోజు

మా బుడ్డోడికి సూపర్‌మ్యాన్ అంటే ప్రాణం. 2020 అక్టోబరు 13 రాత్రి మాత్రం ఆయనగారు సెలవులో ఉన్నట్టున్నారు! బేగంపేటలో ఒక్కరోజులోనే 19 సెంటీమీటర్ల వాన. 1903 తర్వాత హైదరాబాద్‌లో అక్టోబరు నెలలో అంత వాన పడలేదట. ఎప్పుడో 1897లో కట్టిన ఫాక్స్‌సాగర్ చెరువు పొంగింది. మా కొంపల్లిలో ఉమామహేశ్వర కాలనీ నీట మునిగింది.

పైగా అవి కరోనా రోజులు. మనిషిని చూస్తే మనిషి తప్పుకునే కాలం. అయినా మేడ ఉన్నవాళ్లు కింది ఇళ్లవాళ్లను పైకి పిలిచారు. టిఫిన్ బండి అక్క పులిహోర కలిపి పంపింది. రోజూ అరుగుల మీద కబుర్లాడే కుర్రాళ్లే నడుంలోతు నీళ్లలో ముసలివాళ్లను మోసుకొచ్చారు. ఎదురింటి మామ్మకు బీపీ మాత్రలు తెచ్చిచ్చిన అబ్బాయి పేరు మాకు ఇప్పటికీ తెలీదు.

వాళ్లకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. కానీ అందరికీ ప్రతిసారీ అలాంటి భుజం దొరుకుతుందా? నీళ్లు తమ దారి మరచిపోవు. చెరువు చోటు చెరువుకే వదలాలి. ఇల్లు కొనాలనుకుంటే వానాకాలంలో ఓసారి ఆ వీధికి వెళ్లి చూడండి. సాహసాల అవసరం ఎంత తగ్గితే ఊరికి అంత మంచిది.