మా రెండు సీట్ల పాతకారు

పాతకారు నుంచుకొనుట లోభమా, విలాసమా యని మా యింటికి వచ్చు తెలుగువారు తఱచుగా నడుగుచుందురు. కాలిఫోర్నియాలో మా వీథిని చాలవఱకు క్రొత్తకార్లే. మాకును సంసారమునకు పెద్దకారొకటి కలదు. దాని ప్రక్కనే 1990వ సంవత్సరపు మాజ్దా మియాటా యుండును. అది నా కారు. మా అత్తగారు తొలిసారి చూచి, “వెనుక సీటేదమ్మా?” యనిరి. లేదు. ఇద్దఱికే చోటు.

1960 ప్రాంతమున ఇంగ్లండులో చేసిన తేలికపాటి టాపులేని కార్లు నడుపుటకు మిక్కిలి హాయిగా నుండెడివట. కాని నూనె కారుట, త్రోవలో నాగుట వానికి జాతిగుణములు. ఆ హాయిని నిలిపి, ఆ రోగములను మాన్పిన కారును జపానులోని మాజ్దావారు 1989 ఫిబ్రవరిలో చికాగో ప్రదర్శనమున చూపిరి. గుఱ్ఱమును రౌతును ఒక్కటైనట్లుండవలెననుట దానిని రూపొందించిన తొషిహికో హిరాయిగారి యాదర్శము. దాని బలము 116 హార్సుపవరు మాత్రమే. ఆ దశాబ్దమున పేరుగన్న టొయోటా సుప్రా టర్బోకు అమెరికాలో 320 ఉండెడిది! అయినను బరువు వేయి కిలోగ్రాముల లోపగుటచే, నెమ్మదిగా మలుపు తిరుగునపుడును నేల తీరు చేతికి తెలియును. వేగమునకు గాక, ఇందులకే నాకది ప్రియము.

ఇక పోషణ. టాపు మీది నీరు పోవుటకు సీట్ల వెనుక రెండు సన్నని తూములున్నవి. ఆకులు చేరి అవి మూసికొన్నచో నీరు నిలిచి, తలుపుల క్రింది రేకు లోపలినుండి త్రుప్పు పట్టును. పైరంగు నిగనిగలాడుచునే యుండును! అందుచే వానలకు ముందే మెత్తని గొట్టముతో వానిని శుభ్రపఱచెదను. వెనుక అద్దము గాజు గాదు, ప్లాస్టికు. జిప్పు విప్పి, దానిని పఱచిన పిమ్మటనే టాపు దింపవలెను. ఇంజనులోని టైమింగు బెల్టును 60,000 మైళ్లకు మార్చవలెను. తెగినను ఇంజను చెడదు గాని, నడిత్రోవలో నిలిచిపోవుదుము. సామానులు దొఱకవను బెంగ తక్కువ: 2017లో మాజ్దావారే జపానులో ఈ తొలితరపు కార్లను బాగుచేయు పని ప్రకటించి, కొన్ని భాగములను మరల చేయింప మొదలిడిరి.

నిరుడు మా అమ్మాయికి లైసెన్సు వచ్చినది. ఈ కారు తనకిమ్మని యడిగినది. మావారు వలదనిరి, వారి మాట త్రోసివేయదగినది కాదు. దీనికి ఏర్‌బ్యాగు నడుపువారి యెదుట నొక్కటియే. బ్రేకు గట్టిగా నొక్కిన చక్రములు బిగిసికొని జాఱును. జాఱకుండ నిలుపు యంత్రము 2012 నమూనా మొదలు ఇచటి క్రొత్తకార్లకు తప్పనిసరియైనది, దీనికి లేదు. ప్రక్కన పెద్దలారీ సాగుచుండగా నాకే గుండె దడదడలాడును. కావున ఫ్రీవే మీదికి పంపను. ఆదివారము ప్రొద్దున జనము లేని కొండదారిని, నేను ప్రక్కన కూర్చుండగా నడుపనిచ్చితిని. గేరు మార్చునపుడు మొదట గిఱ్ఱుమనిపించినది. మూడవ వారమునకు ఇంజను చప్పుడు విని, నేను చెప్పకయే మార్చినది.

ధర పెరిగినదని, బట్ట కప్పి దాచి యమ్మవలసినదని ఒక బంధువు సలహా. నడుపని కారు నాకేల? బెల్టు మార్చుటకు మఱి 300 మైళ్లున్నవి. ఈసారి బోల్టులు అమ్మాయి విప్పును, పానాలు నేనందించెదను.