అమ్మకి ఈసారి ఎంతొచ్చింది?

నెలకోసారి మా ఇంట్లో సాయంత్రంపూట అందరం ఫోను చుట్టూ చేరతాం. "అమ్మకి ఈసారి ఎంతొచ్చింది?" అని హైదరాబాదు నుంచి తమ్ముడు అడుగుతాడు. కొత్తవాళ్లెవరైనా వింటే ఈ వయసులో ఈవిడ ఏం పరీక్షలు రాసిందా అనుకుంటారు. పరీక్షే, కాకపోతే రక్తానిది. ఐఎన్‌ఆర్ అంటారు. 2.5కీ 3.5కీ మధ్య వస్తే అమ్మ పాసయినట్టు.

చిన్నప్పుడెప్పుడో కీళ్లవాపుతో వచ్చిన జ్వరం అమ్మ గుండె కవాటాన్ని పాడుచేసింది. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీని మొదలుపెట్టిన మూడు జిల్లాల్లో మా శ్రీకాకుళం ఒకటి. ఆ పుణ్యాన రెండేళ్ల తర్వాత విశాఖపట్నంలో అమ్మకి లోహపు కవాటం అమర్చారు. ఆపరేషన్ ఒక్కరోజుతో అయిపోయింది. దాని వెనకే వచ్చిన వార్ఫరిన్ మాత్ర మాత్రం జీవితాంతం ఉండిపోయింది. మోతాదు చాలకపోతే కవాటం దగ్గర రక్తం గడ్డకడుతుంది, ఆ గడ్డ మెదడుకెళ్తే పక్షవాతం. ఎక్కువైతే ఎక్కడినుంచో రక్తం కారుతుంది. కొత్తరకం మాత్రలు వచ్చినా లోహపు కవాటం ఉన్నవాళ్లకి అవి పనికిరావు.

ఈ మందు 1948లో ఎలకల మందుగా బజారుకొచ్చిందనీ, 1955లో గుండెపోటు వచ్చిన అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కి కూడా ఇచ్చారనీ ఒకసారి అమ్మకి చెప్పాను. అధ్యక్షుడి సంగతి ఆవిడ చెవికెక్కలేదు. "ఎలకల మందా!" అని రెండ్రోజులపాటు మాత్రవంక అనుమానంగా చూసింది. అన్నీ చెప్పకూడదు.

కవిటి నుంచి విశాఖ రెండు వందల కిలోమీటర్ల పైమాటే. ఆటోలో సోంపేట, అక్కణ్ణుంచి రైలు, రక్తం ఇచ్చి రిపోర్టు కోసం ఎదురుచూపు, చివరికి డాక్టరుగారి దగ్గర అయిదు నిమిషాలు. "అరమాత్ర పెంచండి" అనే ఒక్క మాట కోసం నాకు ఒకరోజు సెలవు, అమ్మకి రెండ్రోజుల నడుంనొప్పి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడైతే అదీ లేదు. కొబ్బరిచెట్లన్నీ దారికడ్డంగా పడి, కరెంటు పోయి, ఫోన్లు మూగబోయి, ఆ నెల పరీక్షే లేకుండా గడిచింది. డబ్బాలో మిగిలిన మాత్రలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాం.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి రైళ్లు ఆగాయి. డాక్టర్లు ఫోనులో వైద్యం చేయడానికి కేంద్రం నియమాలు విడుదల చేసింది కూడా ఆ నెల 25నే. అలా మొదలైంది మా ఫోను వైద్యం. పొద్దున్న సోంపేట ల్యాబులో రక్తం ఇస్తాం. సాయంత్రానికి రిపోర్టు ఫొటో డాక్టరుగారికి పంపిస్తాం. ఆయన ఫోన్ చేసి మోతాదు చెబితే, ఏ రోజు ఎంత వేసుకోవాలో నేను క్యాలెండర్ మీద ఎర్రపెన్నుతో రాస్తాను. తిథి కింద పాలవాడి లెక్క, దాని కింద అమ్మ మాత్ర.

డాక్టరుగారి ప్రశ్నలు వింటే వంటల కార్యక్రమంలా ఉంటుంది. ఏం కూర తిన్నారు? ఆకుకూర ఎన్నిసార్లు? ఓ ఆషాఢంలో ఐఎన్‌ఆర్ 1.7కి పడిపోయింది. ఆరా తీస్తే మునగాకు! ఆకుకూరల్లోని కె విటమిన్ ఈ మందు పనికి అడ్డం. "మానక్కర్లేదమ్మా, వారానికి ఇంత అని ఒకే లెక్కన తినండి" అన్నారాయన.

గట్టి దెబ్బ మాత్రం కిందటేడు తగిలింది. రిపోర్టులో 6.8 వచ్చింది. ల్యాబువాళ్లు పొరపాటు పడ్డారేమో అనుకున్నాను. డాక్టరుగారు వెంటనే వీడియోలోకి రమ్మన్నారు. చిగుళ్లు చూపించమన్నారు, చేతులు చూపించమన్నారు. చిగుళ్లలో రక్తం, మోచేతి కింద తమలపాకంత నల్లటి మచ్చ. కొత్తమందు ఏమైనా వాడారా అంటే "లేదు బాబూ" అంది అమ్మ. నాకెందుకో నమ్మకం కుదరక పోపులడబ్బా పక్కనున్న డబ్బా బోర్లించాను. రెండు రకాల మాత్రల అట్టలు పడ్డాయి. పన్ను సలుపుతోందని అమ్మే ఒక మందుల షాపులో అడిగి తెచ్చుకుందట. ఒకటి మెట్రోనిడజోల్, అది వార్ఫరిన్ బలాన్ని బాగా పెంచేస్తుంది. రెండోది నొప్పి మాత్ర. మాత్ర పేరు కెమెరాకి దగ్గరగా పెట్టి చూపిస్తుంటే నా చెయ్యి వణికింది.

"ఇది ఫోనులో తేలేది కాదు. ఈ పూట వార్ఫరిన్ ఆపి, ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్లండి" అన్నారాయన. కారు మాట్లాడుకుని బయల్దేరాం. దారిపొడవునా నా కోపం అమ్మ మీదే.

"ఎందుకు చెప్పలేదే?" అంటే, కిటికీలోంచి చూస్తూ అంది: "పంటికేసుకున్న మాత్ర గుండె డాక్టరుకెందుకే సెప్పడం?"

నా దగ్గర జవాబు లేదు. కిడ్నీల భయంతో నొప్పి మాత్ర అంటేనే వెనకాడే ఊరు మాది. అయినా ఆ సంగతి నేను అమ్మకి విడిగా చెప్పిందెప్పుడు? ఆయన "కొత్తమందు" అంటే గుండెకి కొత్తమందు అనుకుంది ఆవిడ. అడిగినవాళ్లదీ తప్పు కాదు, చెప్పినావిడదీ కాదు. ఎదురుగా కూర్చుని ఉంటే దవడ వాపు ఆయన కంట పడేదేమో.

అమ్మ ఆ రాత్రి ఆసుపత్రిలోనే ఉంది, మూడోరోజున ఇంటికొచ్చింది. ఇప్పుడు ఫోనుకి ముందు నేను అల్మరా, పోపులడబ్బాలు, దిండు కింద వెతుకుతాను. అమ్మకి అది పెద్ద అవమానం.

మొన్న 2.9 వచ్చింది. డాక్టరుగారు "ఎలా ఉన్నారమ్మా" అనేలోపే నా చేతిలోంచి ఫోను లాక్కుంది. "బాబూ, మునగాకు ఒకపాలి, తోటకూర ఒకపాలి. పన్ను బాగానే ఉంది. కాలికి జండూబామ్ రాసుకున్నాను, అదీ సెప్పాలా?"