షాంఘైల బొగ్గున్నదారా?

షాంఘైలో నాకు దొరికిన టైం సరిగ్గా ఐదున్నర గంటలు.

పొద్దున పదిన్నరకు డ్యూటీ దిగాలి. సాయంత్రం నాలుగింటికల్లా మళ్లీ షిప్పులో ఉండాలి. లేటైతే మెమో. అవును, నేను ఆ క్రూయిజ్ షిప్పులో టూరిస్టును కాదు. కిచెన్‌లో అసిస్టెంట్ కుక్‌ను. రోజూ బస్తాల కొద్దీ ఉల్లిగడ్డలు, క్యారెట్లు కోసేవాళ్లలో ఒకణ్ని. మాది గోదావరిఖని.

క్రూయిజ్ అనగానే మీకు స్విమ్మింగ్ పూల్, డీజే, బాల్కనీ రూములు గుర్తొస్తాయి. అవన్నీ పైన. మేముండేది నీటిమట్టానికి కింద. చిన్న గది, ఒకదానిమీద ఒకటి రెండు మంచాలు, కిటికీ లేదు. లైటు ఆర్పితే పగలో రాత్రో తెలీదు. డ్యూటీలో చేరిన కొత్తలో వీడియో కాల్ చేసి ఆ గది బాపుకు చూపించా.

“కిటికీ ఏదిరా?” అన్నాడు.

“ఉండది బాపూ. నీళ్ల కిందుంటం గదా.”

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత గట్టిగా నవ్వాడు. “బాయి వద్దని పోయి బాయిలనే పడ్డవు గదరా!”

మా దగ్గర బొగ్గు గనిని గని అనరు, బాయి అంటారు. “మీ బాపు ఏం చేస్తడు?” అంటే “బాయి మీద చేస్తడు” అనేవాళ్లం. మా బాపు 1985లో సింగరేణిలో బదిలీ ఫిల్లర్‌గా చేరాడు. తట్టా, చెమ్మస్ పట్టుకుని టబ్బులు నింపే పని. 2022లో రిటైరయ్యాడు. మధ్యలో ఎన్ని మిషన్లు వచ్చినా, ఎన్ని డ్యూటీలు మారినా ఆయన రోజు మాత్రం మారలేదు. షిఫ్ట్ టైముకు మస్టర్ పడాలి, నెత్తిన ల్యాంపు పెట్టుకుని దిగాలి, తిరిగొచ్చాక కళ్ల చుట్టూ ఉన్న నలుపు కడుక్కోవాలి. ఆ నలుపు ఎంత రుద్దినా కాటుకలా కొంచెం మిగిలేది.

బాపు నవ్వినా ఆ మాట నాకు గుచ్చుకుంది. దాని వెనక ఒక పాత గొడవ ఉంది.

2018లో నాకు 22 ఏళ్లు. హోటల్ మేనేజ్‌మెంట్ అయిపోయి ఖాళీగా ఉన్నా. ఒకరోజు అన్నం తింటూ బాపు మెల్లగా చెప్పాడు. “మెడికల్ బోర్డుకు పెట్టుకుంటరా. అన్‌ఫిట్ అయితే నౌకరి నీకొస్తది.” మా కాలనీలో ఇది కొత్త సంగతేం కాదు. తండ్రి ఆరోగ్యం పని చేయడానికి పనికిరాదని తేలితే కొడుక్కి కారుణ్య నియామకం. దోస్తులు కొందరు అలాగే చేరారు, బండ్లు కొన్నారు, పెళ్లిళ్లు చేసుకున్నారు.

నేను వద్దన్నా. “నీ పాణం బాగలేదని రాయించుకొని వచ్చే నౌకరి నాకెందుకు బాపూ?” అన్నా. వినడానికి చాలా గొప్పగా ఉంది కదా? అందరూ మెచ్చుకున్నారు కూడా. బాపు మాత్రం ఒకే మాట అన్నాడు. “బాయి నౌకరంటే నీకు నామోషీ.” తర్వాత పీఎఫ్‌లో లోన్ తీసి నా షిప్పు ట్రైనింగ్ ఫీజు కట్టాడు. ఆ సంగతి మాత్రం మళ్లీ ఎత్తలేదు. అప్పటినుంచి మా ఫోన్లలో వాతావరణం, ఆరోగ్యం, అవ్వకు మందులు, అంతే.

అందుకే, షాంఘైకి పోతున్నా అని చెప్పినప్పుడు ఆయన ప్రశ్న అడగడం నాకే వింతగా అనిపించింది.

“షాంఘైల బొగ్గున్నదారా?”

“అక్కడ బొగ్గేంది బాపూ! అంత అద్దాల బిల్డింగులు, లైట్లు.”

“మరి లైట్లు దేంతోని ఎలుగుతయి?”

నా దగ్గర జవాబు లేదు.

షిప్పు షాంఘై చేరే రోజు తెల్లవారుజామున, డ్యూటీ ఎక్కేముందు సిబ్బంది డెక్ మీదికి వెళ్లా. సముద్రం ఎక్కడ ఆగిందో, యాంగ్జీ నది ఎక్కడ మొదలైందో తెలీలేదు. నీళ్లు మాత్రం మన వానాకాలం గోదారి రంగే. షిప్పులు ఆగే వూసాంగ్‌కౌ టెర్మినల్ నగరం మధ్యలో ఉండదు. ఉత్తరాన బావోషాన్ జిల్లాలో, హువాంగ్‌పు నది యాంగ్జీలో కలిసేచోట ఉంటుంది. బావోషాన్ అంటే ఉక్కు. చైనాలోని పేరున్న పెద్ద స్టీల్ ప్లాంట్లలో ఒకటి అక్కడే ఉంది. మా షిప్పు పక్కనుంచి పొడవాటి పడవలు వరసగా పోతున్నాయి. కొన్నింట్లో ఇసుక, కొన్నింట్లో నల్లటి కుప్పలు. ఖనిలో పుట్టినోడికి ఆ నలుపు ఏంటో ఎవరూ చెప్పక్కర్లేదు. షాంఘైలో బొగ్గు బాయిలు లేకపోవచ్చు. బొగ్గు మాత్రం ఉంది. బాపు ప్రశ్నకు సగం జవాబు ఒడ్డు ఎక్కకముందే దొరికింది.

చైనా ఏటా తవ్వే బొగ్గు 400 కోట్ల టన్నులు దాటుతుంది. మన సింగరేణిది దాదాపు 7 కోట్ల టన్నులు. ఆ లెక్క తెలిసి కూడా నేను “అక్కడ బొగ్గేంది” అన్నాను చూడండి!

పదిన్నరకు షోర్ పాస్ పట్టుకుని నేనూ, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన నా రూమ్‌మేటూ దిగాం. ఎప్పుడైనా మీరూ టూరిస్టుగా వెళ్తే పనికొస్తుంది కాబట్టి ఒక సంగతి చెప్తా. క్రూయిజ్‌లో గ్రూపుగా, అక్కడి ట్రావెల్ ఏజెన్సీ ద్వారా వచ్చే విదేశీ టూరిస్టులకు వీసా లేకుండా 15 రోజుల వరకు అనుమతించే రూల్ 2024 మేలో వచ్చింది. ఇంకోటి, ఒడ్డు మీద వైఫై దొరికినా వాట్సాప్, ఇన్‌స్టా, గూగుల్ మ్యాప్స్ పనిచేయవు. నేను మెట్రో మ్యాపు ముందే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నా. డబ్బుల వ్యవహారం రూమ్‌మేట్ ఫోన్‌లోని అలీపే చూసుకుంది.

టాక్సీలో బావోయాంగ్ రోడ్ స్టేషన్, అక్కడినుంచి 3వ నంబర్ లైన్. ఈ లైన్ ఎక్కువ దూరం పైనే పోతుంది కాబట్టి కిటికీలోంచి ఊరంతా కనిపిస్తుంది. బాల్కనీల్లో వెదురు కర్రలకు ఆరేసిన బట్టలు, కింద కూరగాయల బండ్లు, మళ్లీ వెంటనే 30 అంతస్తుల అపార్ట్‌మెంట్లు. హైదరాబాద్‌లో మనం చూసిన మెట్రో 69 కిలోమీటర్లు. ఇక్కడిది 800 దాటింది. టికెట్ 5, 6 యువాన్లు, అంటే మన 60, 70 రూపాయలు. హాంగ్‌కౌ ఫుట్‌బాల్ స్టేడియం దగ్గర 8వ లైన్‌కు మారి పీపుల్స్ స్క్వేర్‌లో దిగాం. నాన్‌జింగ్ రోడ్డు మీద జనంలో నడుచుకుంటూ బండ్‌కు చేరేసరికి పన్నెండుంపావు.

బండ్ అంటే హువాంగ్‌పు నది ఒడ్డు. ఇటువైపు వందేళ్ల కిందటి రాతి బ్యాంకులు, గడియారం టవర్. అటువైపు పుడోంగ్ ఆకాశ హర్మ్యాలు. 632 మీటర్ల షాంఘై టవర్ మెలితిప్పినట్టు పైకి పోతుంది. దాని పక్కన 468 మీటర్ల ఓరియంటల్ పెర్ల్ టవర్ గులాబీ గోళాలతో బొమ్మలా ఉంటుంది. మెడ నొప్పి పుట్టేదాకా చూశా. సెల్ఫీలు దిగాం. నిజం చెప్తున్నా, బాగుంది. చాలా బాగుంది. కానీ అదంతా ఇంతకుముందే ఫోన్‌లో చూసేసిందే.

“షాపింగ్ పోదాం పద” అన్నాడు రూమ్‌మేట్. నేను వేరే చోటికి పోవాలన్నా. షిప్పు మెస్‌లో పడేసిన టూరిస్టు కరపత్రంలో ఒక పేరు చూశా, ‘పవర్ స్టేషన్ ఆఫ్ ఆర్ట్’. ఆర్ట్ నాకు తెలీదు. పవర్ స్టేషన్ తెలుసు.

“ఇంత దూరం వచ్చి పవర్‌హౌస్ చూస్తావా?” అని నవ్వి వాడు తన దారిన పోయాడు. నా చేతిలో కొంత చిల్లర పెట్టాడు, మంచోడు. మళ్లీ 8వ లైన్ ఎక్కి షీజాంగ్ సౌత్ రోడ్‌లో దిగి, నది వైపు నడిచా. నాలుగు సందులు తిరగకముందే బిల్డింగుల మధ్యలోంచి కనిపించింది.

పొగగొట్టం.

నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. చిన్నప్పుడు రామగుండం దిక్కు పోయేటప్పుడు బస్సు కిటికీలోంచి బీ పవర్‌హౌస్ గొట్టం చూపించి బాపు అనేవాడు. “నేను నింపిన బొగ్గు గండ్లకెల్లి పొగై పోతదిరా.” నేను నమ్మేవాణ్ని. ఏ పొగ చూసినా మా బాపుదే అనుకునేవాణ్ని.

ఇది నాన్షి పవర్ ప్లాంట్. బొగ్గుతో నడిచేది. 2007లో ఆపేశారు. 2010లో షాంఘైలో వరల్డ్ ఎక్స్‌పో జరిగినప్పుడు దీన్ని ఒక పెవిలియన్‌గా మార్చారు. 2012 అక్టోబరు 1 నుంచి ఆర్ట్ మ్యూజియం. 165 మీటర్ల ఆ గొట్టాన్ని కూల్చకుండా పెద్ద థర్మామీటర్ చేశారు. రాత్రయితే దాని మీద లైట్లు వెలిగి ఊరి టెంపరేచర్ చూపిస్తాయి. నేను వెళ్లింది పగలు కాబట్టి వెలగలేదు.

మా బీ పవర్‌హౌస్ చిన్నది. 62.5 మెగావాట్లు. 1971లో మొదలై 2024లో మూతపడింది. ఆ వార్త నేను షిప్పులో, ఫోన్‌లో చదివి స్క్రోల్ చేసేశా. ఇక్కడ, ఎవరిదో గొట్టం ముందు నిలబడితే అప్పుడు గుర్తొచ్చింది.

లోపల మెషీన్లు ఉండాల్సినంత ఎత్తు హాలు. గోడలకు అర్థంకాని బొమ్మలు. స్కూలు పిల్లలు వరసగా తిరుగుతున్నారు. నేను త్వరగానే బయటికొచ్చి గొట్టం కనిపించేచోట కూర్చున్నా. బాపుకు వీడియో కాల్ చేయాలనిపించింది. చేశా. తిరిగి తిరిగి ఆగిపోయింది. వాట్సాప్ రాదని తెలిసి కూడా రెండుసార్లు ట్రై చేశా.

సరే, వీడియో తీసి తర్వాత పంపుదాం అనుకున్నా. కెమెరా గొట్టం వైపు తిప్పి మొదలుపెట్టా. “బాపూ, గిది చూడు. 165 మీటర్లట. బొగ్గుది. పని ఆపేసినా కూలగొట్టలే.” అక్కడితో ఆపాల్సింది. చుట్టుపక్కల తెలుగు తెలిసినోళ్లు ఎవరూ లేరన్న ధైర్యమేమో, నోరు ఆగలేదు.

“బాపూ, ఇంకో మాట. 2018ల నౌకరి వద్దన్న గదా. నీ పాణం బాగలేదని రాయించుడు ఇష్టం లేకనే అని అందరికి చెప్పిన. అబద్ధం గాదు. గని అసలు సంగతి గది గాదు. నాకు భయమైంది. నేను నాలుగో తరగతిల ఉన్నప్పుడు ఒకసారి సెకండ్ షిఫ్ట్‌కు పోయి మూడింటిదాంక రాలే నువ్వు, యాదికున్నదా? రూఫ్ పడ్డదని దారి మూసుకపోయిందట. అవ్వ అన్నం మీద పళ్లెం బోర్లిచ్చి గడపల నిలబడ్డది. నువ్వొచ్చి, తానం జేసి, తిని పన్నవు. మర్నాడు మళ్ల పోయినవు. గట్ల నేను పోలేను బాపూ. నామోషీ గాదు. నువ్వు జేసిన పని నాతోని గాదు.”

రెండు నిమిషాల పదకొండు సెకన్లు. చూసుకుంటే నా ముఖం ఎక్కడా లేదు, అంతా గొట్టమే.

నాలుగింటికి పది నిమిషాల ముందు షిప్పు ఎక్కా. ఆ రాత్రి డిన్నర్‌కు ఎన్ని ఉల్లిగడ్డలు కోశానో లెక్కలేదు. కళ్లలో నీళ్లొస్తే ఎవరూ అడగని పని అదొక్కటే. మర్నాడు నడి సముద్రంలో వైఫై కొని, డిలీట్ చేయాలా పంపాలా అని గంటసేపు ఆలోచించి, పంపేశా. బ్లూ టిక్ పడింది. రిప్లై లేదు.

సాయంత్రానికి వాయిస్ మెసేజ్ వచ్చింది. ముందు దగ్గు. తర్వాత టీ హోటల్ చప్పుడు. అందులోంచి బాపు.

“చూసిన్రా. రెండుసార్లు చూసిన. గొట్టం మంచిగనే ఉన్నది, పొగ లేకుంటే బోసిగున్నది. భయమంటవా, ఎవలకు లేదురా? ముప్పై ఏడేండ్లు దినాం దిగేటప్పుడు భయమే. చెప్తే మీ అవ్వ పోనియ్యదని చెప్పలే. గా మాట అప్పుడే చెప్తే అయిపోవు గదా, ఇన్నేండ్లు కడుపుల పెట్టుకుంటివి.”

కొంచెం ఆగి మళ్లీ అన్నాడు.

“ఆర్టీసోళ్లు సింగరేణి దర్శన్ బస్సేసిన్రు గదా, ఇంక నడుస్తున్నదో లేదో అడుగుత. ఈసారి నువ్వొచ్చినప్పుడు ఇద్దరం పోదాం.”

2022 డిసెంబరులో హైదరాబాద్ నుంచి ఆ బస్సు మొదలైనప్పుడు, బాయి చూడ్డానికి 1,600 రూపాయల టికెట్ ఎవడు కొంటాడని నేను నవ్విన సంగతి బాపుకు గుర్తుంది. నేనింతవరకు బాయిలో దిగలేదు. షాంఘై చూశాను, మా బాపు పనిచేసిన చోటు చూడలేదు.

మెసేజ్ చివర ఆయన నవ్వు వినిపిస్తుంది. ఇంతకుముందులా గుచ్చుకునే నవ్వు కాదు.

“ముప్పై ఏడేండ్లు పైసలిచ్చి మరీ దింపిన్రు. ఇప్పుడు నాక్కూడ టికెట్ కొనాల్నేమో! నాది గూడ నువ్వే కొను.”

నా కాంట్రాక్ట్ దసరాకు అయిపోతుంది. రెండు టికెట్ల డబ్బులు పక్కన పెట్టా.