పన్నెండు గొప్పనా, పది గొప్పనా?

పాన్‌గల్ చుట్టుపక్కల మోటారు కొనబోయే రైతు మొదట అడిగే మాట "ఎన్ని హెచ్‌పీ?" అనే. అదే ఇంట్లో ఇంటర్ చదివే పిల్లగాడు గేమింగ్ కన్సోల్ కొనియ్యమని ప్రాణం తీసేటప్పుడు చెప్పే మాట వేరు. "నాయినా, పీఎస్5లో పది టెరాఫ్లాప్స్, ఎక్స్‌బాక్స్‌లో పన్నెండు. పన్నెండే కొందాం." నాయినకు ఆ మాట కొత్త. కొడుకుకు మాట వచ్చు, దాని వెనక లెక్క రాదు. ఇద్దరినీ కూచోబెట్టి ఆ లెక్క చెబుదామనే ఈ కబుర్లు. చాయ్ తెచ్చుకోండి, కాస్త గుణకారం ఉంది.

దశాంశ బిందువున్న రెండు సంఖ్యలను ఒకసారి కూడినా, హెచ్చవేసినా అదొక ఫ్లాప్. సెకనుకు అలాంటివి లక్ష కోట్లు చేయగలిగితే ఒక టెరాఫ్లాప్. ఆటలో కారు మలుపు తిరిగితే దాని మీద మెరిసే ఎండ, రోడ్డు మీద పడే నీడ, లేచే దుమ్ము, అన్నీ ఈ కూడికలూ హెచ్చవేతలే.

2020లో వచ్చిన పీఎస్5నే తీసుకోండి. దాని గ్రాఫిక్స్ భాగంలో 36 కంప్యూట్ యూనిట్లు, ఒక్కోదాంట్లో లెక్కలు చేసే షేడర్లు 64. మొత్తం 2304. ఒక్కో షేడరు క్లాక్ కొట్టుకున్న ప్రతిసారీ ఒక హెచ్చవేత, ఒక కూడిక చేస్తుంది కాబట్టి రెండుతో హెచ్చిస్తే 4608. క్లాక్ సెకనుకు గరిష్ఠంగా 223 కోట్ల సార్లు కొట్టుకుంటుంది. హెచ్చవేయండి, 10.28 టెరాఫ్లాప్స్. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌లో యూనిట్లు 52, క్లాక్ 182.5 కోట్లు. అది 12.15. అయిపోయింది!

మరి ఇందులో ఎక్కడైనా ఆట ఆడి చూశామా? లేదు. షేడర్లన్నింటికీ క్షణం ఖాళీ లేకుండా పని దొరికితే వచ్చే లెక్క ఇది. నిజానికి అవి చాలాసార్లు మెమరీ నుంచి సమాచారం రావాలని ఎదురుచూస్తుంటాయి. మన మోటారు సంగతీ అంతే కదా. ఐదు హెచ్‌పీ మోటారు నిండుబావిలో పోసే నీళ్లు వేరు, ఐదువందల అడుగుల బోరులో పోసే నీళ్లు వేరు. కొల్లాపూర్ దగ్గర నార్లాపూర్‌లో 2023 సెప్టెంబరు 16న నడిపించిన పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల పథకం పంపు 145 మెగావాట్లది, అంటే లక్షా తొంభై నాలుగు వేల హెచ్‌పీ. అంకె వింటే కళ్లు తిరుగుతాయి. రైతు మాత్రం కాలువలోకి నీళ్లొచ్చినయా అనే అడుగుతాడు. కన్సోల్‌ను అడగాల్సిందీ అదే.

సమాచారం అందించే వేగం చూడండి. ఎక్స్‌బాక్స్ మెమరీలో 10 జీబీ సెకనుకు 560 జీబీ వేగంతో అందిస్తుంది, మిగిలిన 6 జీబీ 336తోనే. పీఎస్5లో 16 జీబీ అంతా 448. ఇక ఆటను నిల్వచేసే ఎస్‌ఎస్‌డీ సంగతికొస్తే పీఎస్5ది సెకనుకు 5.5 జీబీ, ఎక్స్‌బాక్స్‌ది 2.4. ఒకచోట వీడు ముందు, ఇంకోచోట వాడు ముందు. అందుకే రెండింటిలోనూ వచ్చిన ఆటల్లో చాలావాటిలో తేడా పట్టుకోవడం కష్టం.

కనీసం ఈ రెండింటినీ పోల్చవచ్చు. రెండింటి చిప్పులూ ఏఎండీ కంపెనీవే, ఒకే తరానివే. తరం మారితే లెక్క తప్పుతుంది. 2017 నాటి ఎక్స్‌బాక్స్ వన్ ఎక్స్‌ది 6 టెరాఫ్లాప్స్, 2020 నాటి సిరీస్ ఎస్‌ది 4. అయినా కొత్త ఆటలు ఆడేది ఆ నాలుగుదే. దాని ప్రాసెసర్ కొత్తది, హార్డ్‌డిస్క్ బదులు ఎస్‌ఎస్‌డీ ఉంది.

ఇంకో తమాషా వినండి. 2005లో సోనీ తన పీఎస్3 శక్తి 2 టెరాఫ్లాప్స్ అని ప్రకటించింది. 2013లో తెచ్చిన పీఎస్4కు చెప్పింది 1.84. ఎనిమిదేళ్లలో బలం తగ్గిందా? కాదు. మొదటిసారి, ఒకే రకం పనికి పుట్టిన సర్క్యూట్లు చేసేదీ కలిపి చెప్పారు. రెండోసారి ఏ పనైనా చేసే షేడర్లనే లెక్కగట్టారు. 2024లో పీఎస్5 ప్రో వచ్చినప్పుడు కథ తిరగబడింది. ఒక్కో షేడరు పనిని రెండింతలుగా చూపే కొత్త పద్ధతిలో లెక్కేస్తే 33 దాకా చెప్పుకోవచ్చు. డిజైన్ చేసిన మార్క్ సెర్నీ మాత్రం 16.7 అనే చెప్పాడు.

మన దగ్గరే ఇంకో ఉదాహరణ ఉంది. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో పరమ్ సేవ అనే సూపర్ కంప్యూటరుంది. దానిది 838 టెరాఫ్లాప్స్. ఎనభై రెండు పీఎస్5లు పక్కపక్కన పేరిస్తే సరిపోతుందా? సరిపోదు. సూపర్ కంప్యూటర్లను 64 బిట్ల సంఖ్యలతో కొలుస్తారు, కన్సోళ్లను 32 బిట్లతో. వానల లెక్కకు, మందుల పరిశోధనకు ఎక్కువ కచ్చితత్వం కావాలి. ఆటలో ఎండ మెరవడానికి తక్కువైనా చాలు.

కాబట్టి షాపులో అడగాల్సింది ఒకటే. "అన్నా, మావోడు ఆడే ఆట సెకనుకు 60 ఫ్రేములు ఇస్తుందా, 30ఏనా?" అరవై అంటే ఒక్కో ఫ్రేముకు, అంటే ఒక్కో బొమ్మకు, దొరికేది 16.7 మిల్లీసెకన్లు. పదిహేడు పట్టిందంటే టీవీలో ఆట తడబడినట్టు కనిపిస్తుంది. కంటికి తెలిసే కొలత ఇది.

ఇంకొక్క మాట. వంద జీబీ ఆటను రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే రీచార్జితో దించాలంటే అరవై ఏడు రోజులు. ఇంట్లో ఫైబర్ లేకపోతే డిస్క్ పట్టేదే తీసుకోండి. కొనేముందు వనపర్తిలో వాడి దోస్తు దగ్గర ఏ కన్సోలుందో కనుక్కోండి. అదే కొంటే ఇద్దరూ డిస్కులు మార్చుకోవచ్చు, సగం ఖర్చు మిగులుతుంది.