బెదరిన కుక్కపిల్లకు అభయము

ఆంధ్ర మహాభారతమును చదువ మొదలిడిన వారికి ఆదిపర్వ ప్రారంభమునందే ఒక కుక్కపిల్ల కథ ఎదురగును. జనమేజయ మహారాజు యాగము చేయుచుండగా, దేవతల కుక్కయైన సరమ కొడుకు సారమేయుడు ఆడుకొనుచు అచ్చటికి వచ్చెను. రాజు తమ్ములు వానిని కొట్టిరి. వాడు చేసిన తప్పేమియు లేదు. సరమ రాజు నెదుటికి పోయి, అపరాధము లేని పసివానిని కొట్టినవారికి ఎటునుండి వచ్చునో తెలియని భయము కలుగునని చెప్పి వెడలిపోయెను. అంతటి రాజు ఆ మాటకు కలతపడి, శాంతి చేయింపదగిన పురోహితుని వెదకుచు మునుల ఆశ్రమములకు తిరుగవలసి వచ్చెను. నన్నయభట్టు ఈ కథను తెలుగు చేసి సుమారు వేయి సంవత్సరములగుచున్నది.

మన శతకములలోను సామెతలలోను కుక్క తరచుగా నీచత్వమునకే ఉపమానముగా నిలిచినది. అయినను మహాభారతమున తొలుత న్యాయము నడిగిన తల్లి ఒక కుక్కయే. కారణము లేక కలిగించిన భయము కలిగించినవానినే తిరిగి చేరునని ఆ కథ చెప్పుచున్నది. ఈ ధర్మము యాగశాలలకే గాక మన వీధి అరుగులకును వర్తించునని, గత సంవత్సరము వానకాలమున మా యింటికి వచ్చిన కుక్కపిల్ల మాకు తెలియజేసినది.

రాయగడలో మా వీధి చివర కల్వర్టు క్రింద ఒక ఊరకుక్క ఈనినది. వరదనీరు వచ్చిన రాత్రి గడచిన పిమ్మట మిగిలిన పిల్ల ఒక్కటియే. మా మనుమరాలు దానిని గోనెసంచిలో చుట్టి యింటికి తెచ్చినది. చోడిగింజ రంగున నుండుటచే చోడి యని పేరు పెట్టితిమి. పశువైద్యుడు పండ్లు చూచి దాని వయస్సు సుమారు 10 వారములుండునని చెప్పెను. మా యింటివారితో నాలుగు దినములలోనే కలిసిమెలసి తిరుగసాగినది. కాని వాకిట క్రొత్త అడుగుల చప్పుడు వినబడినచో మంచము క్రిందికి పోయి, తోక కడుపుక్రింద ముడుచుకొని, వణకుచు ఉన్నచోటనే మూత్రము విడుచుచుండెడిది.

మన యిండ్లలో ఇది సామాన్యమైన చిక్కు కాదు. రాయగడ, కోరాపుట్, జయపురము, గుణుపురములలో స్థిరపడిన తెలుగువారి అరుగు ఖాళీగా నుండు దినము అరుదు. పార్వతీపురము నుండి, విజయనగరము నుండి రైలు దిగి వచ్చు చుట్టములు. ఒడియాలో పలుకరించు ఇరుగుపొరుగువారు. కొండ దిగి వచ్చి కువి భాషలో బేరమాడు కూరగాయల ఆడువారు. పాలవాడు, తపాలా జవాను, చందాలకు వచ్చు పిల్లలు. ఒక్క పూటలో నాలుగు భాషలు వినబడు గుమ్మమున, మనుష్యులకు బెదరు జంతువు సుఖముగా బ్రతుకజాలదు. దాని మూలమున మనుష్యులకును క్షేమము లేదు.

ఒకనాడు పొరుగింటి బాలుడు ముద్దుచేయవలెనని మంచము క్రింద చేయి పెట్టెను. చోడి గాలిలో పండ్లు పటపట కొట్టినది. గాయము కాలేదు గాని ఇంటిల్లిపాదికి గుండెలదరినవి. పిచ్చికుక్క కాటు వలన వచ్చు జలభీతి లక్షణములు కనబడిన పిమ్మట ప్రాణము దక్కుట దాదాపు లేదని అందరెరిగినదే. దానిని సంతలో వదలివేయుమని పెద్దలు కొందరు సలహా చెప్పిరి. సాకిన జంతువును ఆకలిదప్పులకు పాలు చేసి అకారణముగ విడుచుట 1960 నాటి జంతు హింసా నివారణ చట్టము ప్రకారము నేరము. చట్టము మాట అటుంచినను, మనుష్యులనిన ప్రాణము పోవునట్లు బెదరు పిల్లను మనుష్యులు క్రిక్కిరిసిన చోట వదలుటకు మాకు చేతులు రాలేదు.

కుక్కపిల్లకు ఈ భయమేల కలుగును? కొట్టబడియుండుట ఒక కారణము కావచ్చును గాని, అదియే కానక్కరలేదు. 1961లో ఫ్రీడ్‌మన్, కింగ్, ఎలియట్ అను మువ్వురు అమెరికా శాస్త్రజ్ఞులు కొన్ని కుక్కపిల్లలను మనుష్యుల సహవాసము లేకుండ కంచె లోపల పెరుగనిచ్చి, ఒక్కొక్క జట్టును ఒక్కొక్క వయస్సున వారము దినములు మాత్రము మనుష్యులకు అలవాటు చేసి చూచిరి. చిన్న వయస్సున చేయి తగిలినవి త్వరలోనే మచ్చికయైనవి. 14 వారముల వరకు మనుష్యుని ఎరుగనివి మాత్రము అడవి జంతువులవలెనే మిగిలినవి. మూడవ వారము మొదలు సుమారు పదమూడవ వారము వరకు కుక్కపిల్ల మనస్సు తలుపు తెరచిన యింటి వంటిది. అప్పుడు చూచినవారందరు దానికి చుట్టములు, చూడనివారు క్రొత్తవారు. కల్వర్టు చీకటిలో పెరిగిన చోడికి ఆ తలుపు మూతపడుచుండెను గాని ఇంకను పూర్తిగా మూయబడలేదు.

మూయబడుచున్న తలుపును త్రోసి తెరవరాదు. అందుకు త్రోవ చూపినది మరియొక ప్రయోగము. మేరీ కవర్ జోన్స్ అను విదుషి 1924లో ప్రకటించిన వృత్తాంతమున, పీటర్ అను మూడేండ్లకు దగ్గరి బాలుడు కుందేలును చూచి హడలిపోవుచుండెను. అతడు ఇష్టమైన తిండి తినుచుండగా కుందేలు పంజరమును దూరముగా నుంచి, దినదినము కొంచెము కొంచెము దగ్గరకు జరుపుచు వచ్చిరి. తుదకు ఆ బాలుడే కుందేలును నిమురసాగెను. దూరము, రుచి, ఓర్పు అను ఈ మూడింటిలోనే వైద్యమంతయు కలదు.

మొదట పశువైద్యశాలలో చోడికి నులిపురుగుల మందు వేయించి, టీకాలు ఆరంభించితిమి. నొప్పిగల జంతువు కూడ మనుష్యులను దగ్గరకు రానీయదు గనుక ఆ పరీక్ష ముందు జరుగవలెను. జలభీతి టీకా మూడవ నెల నిండగనే వేయించితిమి. టీకాలు పూర్తియగువరకు దానిని ఊరకుక్కలు తిరుగు నేలపై దింపక, చంకనెత్తుకొని వీధిని చూపుచుంటిమి.

చిరకాలము గుమాస్తాగిరి చేసిన చేయి గనుక ఒక చిట్టా పెట్టితిమి. తేది, వచ్చినవారు, ఎన్ని అడుగుల దూరము, తిండి ముట్టినదా లేదా అను నాలుగు గడులు. ఒడియా మిఠాయి అంగళ్ళలో దొరకు తీపి కలపని ఛెనాను సెనగగింజలంత ముక్కలు చేసి, ఆ రుచి క్రొత్తవారు కనబడినప్పుడే దొరకునట్లు ఏర్పాటు చేసితిమి. క్రొత్త మనిషి కనబడెనా, ఛెనా వచ్చును; కనుమరుగయ్యెనా, ఛెనా ఆగును. తొలి వారము 25 అడుగుల దూరమున కూడ అది ముట్టలేదు. ముట్టనిచో దూరము చాలలేదని అర్థము. మేము దానితో పెరటి గుమ్మమువరకు వెనుకకు జరిగితిమి. 30 అడుగుల వద్ద మొదటి ముక్క తిన్నది.

వచ్చువారికి నేర్పుట కుక్కకు నేర్పుటకంటె కష్టమైనది. మన చుట్టములకు ప్రేమ యెక్కువ. పార్వతీపురమునుండి వచ్చిన మా బావగారు గుమ్మములోనే పెద్దగొంతుతో పిలిచి, వంగి తలపై చేయి వేయబోయెడివారు. కుక్క దృష్టిలో మీదికి వంగిన మనిషి, తలపైకి వచ్చు చేయి, రెప్పవేయని చూపు, మూడును దండయాత్రలే. కావున వచ్చినవారు ప్రక్కకు తిరిగి కూర్చుండవలెనని, దానిని చూడరాదని, పిలువరాదని, ముక్కను దూరముగా నేలపై వేయవలెనని వేడితిమి. బావగారు మొదట నవ్విరి. పిమ్మట ఒక గంటసేపు వార్తాపత్రిక చదువుచు కూర్చుండిరి. ఆ గంట చివర చోడి వెనుకనుండి వచ్చి వారి చెప్పును వాసన చూచి పోయినది. చిట్టాలో ఆనాటి గడి యెదుట ఎఱ్ఱసిరాతో గీత గీచితిమి.

కొన్ని గుర్తులు తెలిసికొనుట అవసరము. నిద్ర రాకున్నను ఆవులించుట, మాటిమాటికి పెదవులు నాకుకొనుట, కంటి తెల్లగ్రుడ్డు కనబడుట, చెవులు వెనుకకు వాల్చుట, ఇవి గుఱ్ఱుమనుటకు ముందు చెప్పు మాటలు. గుఱ్ఱుమన్నప్పుడు కొట్టరాదు. కొట్టినచో గుఱ్ఱుమనుట మానును గాని భయము మానదు. అటుపిమ్మట హెచ్చరిక లేకయే కరచును. బెదరి మన యొడి చేరిన పిల్లను ఓదార్చినచో భయము ముదురునను మాట నిజము కాదు. ఓదార్పు వలన భయము పెరుగదు.

శీతకాలమున కోరాపుట్‌లోని మా కుమార్తె యింటికి చోడిని తీసికొని పోయితిమి. రాయగడలో 4 అడుగుల దూరమునకు వచ్చినది అచ్చట మరల 20 అడుగులకు పోయినది. ఒక అరుగుపై నేర్చిన ధైర్యము మరియొక అరుగుపై తనంతట చెల్లదు. ప్రతిచోట మొదటినుండి కొంత నేర్పవలెను. అయితే రెండవసారి త్వరగా వచ్చును. శుక్రవారమున కుందులి సంతకు పోయి, లోపల ప్రవేశింపక, దూరముగా చెట్టు క్రింద చోడితో కూర్చుంటిమి. గంపలు, గొడుగులు, కోళ్ళు, సైకిళ్ళు, రంగురంగుల చీరలు దాని కన్నుల ముందు సాగిపోయినవి. ఎవరును దానివైపు రాలేదు. అరగంటకు తల ముందుకాళ్ళపై పెట్టి పరుండి చూచుచుండెను.

ఆ చెట్టుక్రింద మాకొక పాత సంగతి మనసున మెదలినది. కోరాపుట్ జిల్లా 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రమున చేరినది. 1992 అక్టోబరు 2న రాయగడ వేరు జిల్లాయైనది. ఎల్లలు మారినను మన కుటుంబములు ఇచ్చటనే నిలిచినవి. మన పిల్లలు ఒడియా బడికి పోయినారు. మా పెద్దవాడు మొదటి దినమున తల్లి చెంగు విడువలేదు. ఉపాధ్యాయుడు వానిని ఏమియు అడుగక, ప్రక్కన కూర్చుండి పలకపై బొమ్మలు గీయుచు వారము దినములు గడపెను. ఎనిమిదవ నాడు వాడే ఆ బొమ్మ పేరు ఒడియాలో అడిగెను. క్రొత్త నేలపై నిలద్రొక్కుకొనినవారికి ఇట్టి వేచియుండు మనుష్యుని విలువ తెలియును. ఇతరులకు అట్లు వేచియుండుటయు మనకు తెలియవలెను.

చోడి ఇప్పుడు అరుగుపైననే పరుండును. తపాలా జవాను వచ్చినచో లేచి, చెప్పులు వాసన చూచి, మరల వచ్చి పరుండును. శిరస్త్రాణము తీయని మోటారుసైకిలు వారికి మాత్రము ఇంకను వెనుకకు జరుగును. దీపావళి బాణసంచా నాడు లోపలి గదియే దానికి శరణ్యము. ప్రతి కుక్కయు ప్రతివాని యొడిలో ఆడవలెనను నియమము లేదు. బెదరి కరవకుండిన చాలును. చిట్టా మూసివేసి బీరువాలో పెట్టితిమి. గుమ్మములోనికి వచ్చువారికి మేము చెప్పు మాట ఒక్కటి మాత్రము మిగిలినది: “మీరు దానిని పిలువకుడు, కూర్చుండుడు. రావలెనని తోచినచో అదియే వచ్చును.”