నిమిత్తము - నిదానము

సంస్కృతమున నిమిత్తమను పదమునకు శకునమనియు, కారణమనియు రెండర్థములు గలవు. మన యిండ్లలో కన్నదరినపుడు మొదటి యర్థమే తలపునకు వచ్చును. రెండవది వచ్చుటకు చాలకాలము పట్టును. పురుషునకు కుడికన్నును, స్త్రీకి ఎడమకన్నును అదరిన శుభమందురు. కాళిదాసు దుష్యంతుని బాహువు నదరించియే యాశ్రమములోనికి పంపెను. వాల్మీకి అశోకవనమున సీతకు ఎడమకన్నదరించి యూరట గలిగించెను. కావ్యమున నిది సొగసే. కాని దానినే ఫలముల పట్టికగా మార్చి, ఒక్కొక్క యవయవమునకు ఒక్కొక్క లాభనష్టము వ్రాసిపెట్టుకొని, దేహము చెప్పుచున్న మాటను విననొల్లకుండుట వివేకము గాదు.

గత సంవత్సరము వేసవిలో మాకు ఎడమకంటి రెప్పయు, పిమ్మట పిక్కలును, భుజమును వేళ గాని వేళ అదరసాగినవి. నొప్పి లేదు. చర్మము క్రింద చిన్న పురుగు కదలినట్లుండి, చూచుచుండగనే యాగిపోవును. దీనికి తోడు కడుపుబ్బరము, పులిత్రేపులు, ఒకనాడు మలబద్ధము, మరునాడు విరేచనములు. రాత్రులు దీపము వేసికొని పిక్కను చూచుకొనుచు కూర్చుండెడివారము. మా తల్లిగారు "ఎడమకన్ను గదా నాయనా, శనివారము నూనెదీపము పెట్టించుము" అనిరి. చదువుకొన్న మిత్రుడొకడు చరవాణిలో వెదకి, నరములు క్షీణించి మనుష్యుని హరించు వ్యాధిపేరు చదివి వినిపించెను. ఆలోచింపగా ఇరువురు చేసినదియు నొకటే పని. ఆమె రెప్పలో గ్రహమును చూచెను. అతడు మృత్యువును చూచెను. పంచాంగము మారినది గాని శకునము చూచు బుద్ధి మారలేదు.

మేము మొదట చూపించుకొన్న వైద్యుడు మా వాక్యము ముగియకమునుపే మందుల చీటి వ్రాసి యిచ్చెను. ఇది యొక్కచోటి దోషము గాదు. వాకిట నూరుగురు వేచియుండగా వైద్యునకు తీరిక యుండదు. రోగియు చెప్పవలసినదానిలో సగము మ్రింగివేయును. మలమునుగూర్చి మాటలాడ సిగ్గు, భయమును బయట పెట్ట నభిమానము. దర్శనము, స్పర్శనము, ప్రశ్నము అని మన ప్రాచీన వైద్యులు పరీక్షను మూడు విధములుగా చెప్పిరి. అందు మూడవది వైద్యుడొక్కడే చేయునది గాదు, ఇరువురు కూడి చేయవలసినది.

పిమ్మట మేము పోయిన వైద్యురాలుగారు చాలసేపు ప్రశ్నించిరి. నిద్ర యెన్ని గంటలు? కాఫీ యెన్ని మారులు? ఒడలు బరువు తగ్గినదా? కడుపునకు ఏ మాత్రలు వేసికొనుచున్నారు, ఎన్నాళ్లుగా? ఈ కడపటి ప్రశ్నకు కారణ మడిగితిమి. కడుపులోని యామ్లమును తగ్గించు మాత్రలను కొన్ని నెలలు, సంవత్సరములు విడువక మ్రింగినచో, కొందఱికి రక్తమున మెగ్నీషియము తగ్గి కండలదరుననియు, విరేచనములు హెచ్చినను ఆ లవణమే పోవుననియు చెప్పిరి. మే మట్టి మాత్రలు వాడలేదు గాని, ఏ వైద్యునడుగకయే అంగడిలో కొని వానిని మ్రింగువారు మా వీధిలోనే పలువురు గలరు. నిద్రలేమి, కాఫీ, అలసట, దిగులు, ఇవియు కండల నదరించునట. దిగులు కడుపును గూడ కలచును. కడుపు చెడిన దిగులు పెరుగును.

అనంతరము మమ్ము మడమలమీదను మునివ్రేళ్లమీదను నడిపించి, పిడికిలి బిగింపించి, మోకాళ్లను చిన్న సుత్తితో తట్టి చూచిరి. "అదరుట యొక్కటే యైన సాధారణముగా భయము లేదండీ. కాలుచేతుల బలము తగ్గినను, కండ కృశించినను, మాట తడబడినను, మ్రింగుట కష్టమైనను ఆలస్యము చేయరాదు. మలమున రక్తము పడినను, కారణము లేక బరువు తగ్గినను అంతే" అనిరి.

అంతట "మీరు త్రాగు నీరెక్కడిది?" అని యడిగిరి. ఈ ప్రశ్న మా సీమలో ప్రతి వైద్యుడును అడుగదగినది. 2022లో రెండుగా విడిపోకమునుపటి అనంతపురము జిల్లాలో సాలున సగటున కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. బావు లెండిన కొలది బోర్లు లోతునకు దిగినవి. లోతున రాతిలోని ఫ్లోరైడు పెక్కుచోట్ల నీట కలసియున్నది. 1937లో నాటి మదరాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాయందు షార్టు మొదలగు వైద్యులు ఈ విషమువలన ఎముకలు బిగిసిపోయినవారినిగూర్చి ప్రకటించిరి. లీటరునకు 1 మిల్లిగ్రాము మించరాదనియు, వేఱు నీరు దొరకనిచో 1.5 వఱకు సహింపవచ్చుననియు మన దేశపు ప్రమాణము. మించినచో పండ్లు మచ్చలుపడును, కీళ్లు బిగియును, కడుపును బాధపడును. కాచినంతమాత్రమున నిది పోదు. నీరు తగ్గి విషము చిక్కనగును. 1995లో మొదలైన శ్రీ సత్యసాయి తాగునీటి పథకము 700కు పైగా గ్రామములకు నీరందించుటకై యేర్పడినది ఈ కష్టమును చూచియే. అయినను నేటికిని మా తరగతిలో నవ్వునపుడు చేయి యడ్డము పెట్టుకొను పిల్లలు గలరు.

మా వీధి బోరునీటిని పరీక్షింపగా ఫ్లోరైడు మితిమించినదని తేలెను. మా రక్తములో కాల్షియము, మెగ్నీషియము, థైరాయిడు సరిగానే యుండెను. వైద్యురాలుగారు "మీ కండలదరుటకు ఈ నీరే కారణమని నేను చెప్పజాలను. కారణము తెలియలేదనుటయే నిజము. అయినను ఈ నీరు మీరును, వీధిలోని పిల్లలును మానవలెను. మూడు నెలలకు మరల రండు" అనిరి. తెలియలేదను ఆ మాట విని మేము తేఱుకొంటిమి. అంతకుమునుపు విన్న తెలిసినవారి మాటలన్నిటికంటె నదియే నమ్మదగినదిగా తోచెను. నీరు మార్చితిమి, కాఫీ తగ్గించితిమి, దీపమార్పి పండుకొంటిమి. ఉబ్బరము చాలవఱకు పోయినది. రెప్ప ఇప్పటికిని అప్పుడప్పు డదరుచునే యున్నది. బలము తగ్గలేదు గనుక దానిని పోనిచ్చితిమి.

వైద్యశాస్త్రమున నిదానమనగా రోగమునకు మూలకారణము. మాధవకరుని గ్రంథమునకు ఆ పేరే. తెలుగున మాత్రము ఆ పదమునకే తొందరలేమి యని యర్థము. రెండును వేఱుగావని మాకు తోచుచున్నది. వైద్యుని కడకు పోవువారు, ఏది యెప్పు డారంభమైనదో, ఏమి తిన్నారో, ఏ మాత్ర మ్రింగిరో, ఏ నీరు త్రాగిరో ఒక కాగితముపై వ్రాసికొని, సిగ్గువిడిచి చదివి వినిపింపుడు. మీ వీధి బోరునీటిని ఒక్కమారైన పరీక్షకు పంపుడు. రోగమునకు పేరు దొరకకపోయినను, ఆ నీటిని త్రాగు పసివారి పండ్లు నిలుచును.